చోదక సహాయక వ్యవస్థలు – తెలుగు నామకరణం: కర్తృత్వ, బాధ్యతా దృష్టితో పరిశీలన

పరిశోధనసారం:

ఆధునిక కార్లలో చోదకునికి తోడ్పడే ఎలక్ట్రానిక్ భద్రతా వ్యవస్థలు ఇటీవలి సంవత్సరాలలో తెలుగు ప్రాంతాల రహదారులపై కూడా కనిపిస్తున్నాయి. వీటితోపాటు ఆటోపైలట్, సెల్ఫ్ డ్రైవింగ్, స్వయంచాలితం, అడాస్ వంటి మాటలు తెలుగు వ్యవహారంలో చేరాయి. హెచ్చరించే వ్యవస్థకు, క్షణకాలం జోక్యం చేసుకునే వ్యవస్థకు, వాహనాన్ని నిజంగా నడిపే వ్యవస్థకు మధ్య ఉన్న భేదాన్ని ఈ మాటలు చెరిపివేస్తున్నాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. పేరుకు, వినియోగదారుని నమ్మకానికి గల సంబంధాన్ని వెల్లడించిన అధ్యయనాల ఆధారంగా తెలుగులోని పదబంధాలు, క్రియారూపాలు, వార్తాభాష, సారథ్య భావన ఇందులో పరిశీలించబడ్డాయి. చివరగా పారిభాషిక పదకల్పనకు కొన్ని ప్రమాణాలు ప్రతిపాదించబడ్డాయి.

కీలకపదాలు: చోదక సహాయం, పారిభాషిక పదాలు, కర్తృత్వం, రహదారి భద్రత, సారథ్యం, వార్తాభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో పారిభాషిక పదాల చర్చ చాలాకాలంగా రెండు పక్షాల మధ్య సాగుతోంది. ఆంగ్లపదాన్ని యథాతథంగా స్వీకరించాలన్నది ఒక పక్షం. సంస్కృత ధాతువులతోనో, అచ్చతెలుగు మాటలతోనో కొత్త పదం కల్పించాలన్నది రెండవ పక్షం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాల కోసం పదకోశాలను రూపొందించినపుడు కూడా ఈ చర్చ ప్రధానంగా బోధన చుట్టూనే తిరిగింది. పదం విద్యార్థికి అర్థమవుతుందా, ఉచ్చారణకు అనువుగా ఉందా, ప్రామాణికమా అన్నవి అప్పటి ప్రశ్నలు.

కారులోని భద్రతా వ్యవస్థల విషయంలో వీటికి మరొక ప్రశ్న తోడవుతుంది. ఆ పేరు విన్న మనిషి స్టీరింగు మీద చేయి ఉంచుతాడా, తీస్తాడా? కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 16,715 మంది సీటు బెల్టు ధరించనివారు. ఈ సంఖ్యల నేపథ్యంలో భద్రతా పరికరం పేరును నిఘంటుకారుని సమస్యగా మాత్రమే చూడడం సరికాదు.

తెలుగు ప్రాంతాలలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. కారు కొన్నవాడు, నడిపేవాడు ఒకరే కానవసరం లేదు. షోరూములో వ్యవస్థల గురించి వివరణ వినేవాడు యజమాని. మరునాటి నుంచి ఆ కారును నడిపేది జీతానికి కుదిరిన డ్రైవరో, ఒక్కరోజు ప్రయాణానికి పిలిచిన యాక్టింగ్ డ్రైవరో కావచ్చు. కారుతో వచ్చే కరదీపిక సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. అందువల్ల ఆ వ్యవస్థ గురించిన జ్ఞానం అతనికి చేరేది నోటిమాటగా, తెలుగులోనే. ఆ మాటలో లోపముంటే ఆ లోపంతోనే అతడు రహదారి మీదికి వెళతాడు.

2. భద్రతా సాధనాల పరిణామం – మూడు దశలు:

కారు భద్రతా సాధనాలను అవి చేసే పనిని బట్టి మూడు దశలుగా గుర్తించవచ్చు. ప్రమాదం జరిగినపుడు మనిషిని కాపాడేవి మొదటి దశకు చెందినవి. 1959లో వోల్వో సంస్థలో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు వీటిలో ముఖ్యమైనది. తరువాత వచ్చిన ఎయిర్‌బ్యాగ్ కూడా ఈ కోవలోనిదే.

చోదకుడు చేసిన పనిని సరిదిద్దేవి రెండవ దశవి. 1978లో బాష్ సంస్థ మెర్సిడెస్ కార్లకు అందించిన ఏబీఎస్ ఇందుకు ఉదాహరణ. చోదకుడు బ్రేకును గట్టిగా తొక్కినపుడు చక్రాలు బిగుసుకుపోయి కారు జారిపోకుండా, స్టీరింగు మాట వినేలా అది చూస్తుంది. 1995లో వచ్చిన స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ, మలుపులో కారు పక్కకు జారుతున్నపుడు ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేస్తుంది. ఈ రెండింటిలోనూ చోదకుని ఉద్దేశమే ప్రమాణం. యంత్రం ఆ ఉద్దేశానికి లోబడి పనిచేస్తుంది.

కెమెరా, రాడార్ వంటి సాధనాలతో దారిని గమనించే వ్యవస్థలు మూడవ దశవి. ముందున్న వాహనానికి తగిన ఎడం పాటించేవి, వరుస దాటితే హెచ్చరించేవి, చోదకుడు స్పందించకపోతే బ్రేకు వేసేవి ఇందులో చేరతాయి. అడాస్ అనే పొట్టిపేరుతో ప్రచారంలో ఉన్నవి ఇవే. 2021లో విడుదలైన మహీంద్రా ఎక్స్‌యూవీ700 వంటి వాహనాలతో భారతీయ మార్కెట్టులో వీటికి విస్తృత ప్రచారం లభించింది.

భారతదేశంలో చట్టబద్ధమైన నిబంధనలు ప్రధానంగా మొదటి రెండు దశల చుట్టూ ఏర్పడ్డాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, జూలై నుంచి చోదకుని వైపు ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక, వెనుక పార్కింగు సెన్సారు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాల రేటింగు కూడా ప్రధానంగా ఢీకొన్నపుడు కారు ఇచ్చే రక్షణను కొలుస్తుంది. మూడవ దశ సాధనాలు మాత్రం ఎక్కువగా ప్రకటనల భాష ద్వారానే ప్రజలకు పరిచయమవుతున్నాయి. విమర్శ అవసరమయ్యేది ఇక్కడే.

3. పేరు – నమ్మకం:

పేరు చోదకుని ప్రవర్తనను ప్రభావితం చేస్తుందనడానికి ఆధారాలున్నాయి. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2019లో 2,000 మందికి పైగా చోదకులను ప్రశ్నించింది. ఐదు వ్యవస్థల పేర్లు మాత్రమే వారికి చెప్పింది. అవి ఏ సంస్థవో, ఏం చేస్తాయో చెప్పలేదు. ఆటోపైలట్ అనే పేరున్న వ్యవస్థ పనిచేస్తున్నపుడు స్టీరింగు మీది నుంచి చేతులు తీయడం క్షేమమేనని 48 శాతం మంది భావించారు. అసిస్ట్, అసిస్టెంట్ అన్న మాటలున్న పేర్లు సహా తక్కిన నాలుగింటిలో ఏ పేరుకూ ఈ శాతం 33కు మించలేదు. నిజానికి ఆ ఐదు వ్యవస్థలూ చోదకుని నిరంతర పర్యవేక్షణ అవసరమైనవే. ఏ వివరణా లేనపుడు పేరే వివరణగా పనిచేస్తుందని ఈ అధ్యయనం స్పష్టం చేస్తోంది.

పేర్లు లెక్కకు మించి ఉండడం రెండవ చిక్కు. అదే ఏడాది అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పరిశీలనలో అత్యవసర బ్రేకు వ్యవస్థ ఒక్కదానికే వివిధ సంస్థలు 40 పేర్లు వాడుతున్నట్లు తేలింది. ఒక కారులో నేర్చుకున్న పేరు మరొక కారులో పనికిరాని స్థితి ఇది.

ఈ అయోమయాన్ని తగ్గించడానికి ఎస్ఏఈ ఇంటర్నేషనల్ సంస్థ 2014లో తొలిసారి ప్రచురించిన జె3016 ప్రమాణం, వాహన స్వయంచలనాన్ని సున్నా నుంచి ఐదు వరకు ఆరు స్థాయిలుగా విభజించింది. హెచ్చరికలు, క్షణకాలపు అత్యవసర బ్రేకు సున్నా స్థాయిలోనే ఉంటాయి. స్టీరింగు, వేగం రెండింటినీ ఏకకాలంలో నిర్వహించే వ్యవస్థది రెండవ స్థాయి. అక్కడ కూడా దారిని గమనించవలసిన బాధ్యత పూర్తిగా మనిషిదే. మూడవ స్థాయిలో యంత్రం కోరినపుడు మనిషి తిరిగి బాధ్యత స్వీకరించాలి. నాల్గవ స్థాయి నుంచి మాత్రమే, నిర్దేశించిన పరిధిలో, మనిషి సంసిద్ధత అవసరం లేకుండా యంత్రం నడుపుతుంది. డ్రైవర్‌లెస్, సెల్ఫ్ డ్రైవింగ్ వంటి మాటలు పారిభాషికాలుగా వాడదగినవి కావని ఈ ప్రమాణమే సూచిస్తోంది. పాక్షిక సహాయానికి పూర్తి స్వయంచలన భ్రాంతి కలిగించే పేరు పెట్టడాన్ని నిషేధించే చట్టం కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి అమలులో ఉంది. పేరును భద్రతలో భాగంగా చట్టం గుర్తించిన సందర్భమిది.

4. తెలుగు వ్యవహారంలో ‘ఆటో’, ‘సెల్ఫ్’, ‘స్వయం’:

ఈ పేర్లు తెలుగులోకి వచ్చినపుడు మూల సమస్యతోపాటు కొత్త సందిగ్ధాలు ఏర్పడుతున్నాయి.

‘ఆటో’ అన్నపుడు తెలుగువారికి ముందుగా స్ఫురించేది మూడు చక్రాల బండి. ‘ఆటోమేటిక్ కారు’ అంటే క్లచ్చి లేని, గేర్లు వాటంతట అవే మారే కారు అని వ్యవహారం. చోదన బాధ్యతకు ఈ ప్రయోగంతో సంబంధం లేదు. ఇప్పుడు అదే పూర్వపదం ఆటోపైలట్‌లో చేరి బాధ్యత బదిలీని ధ్వనిస్తోంది. ఒకే రూపం గేరు మార్పిడినీ, చోదననూ సూచించవలసి వస్తోంది.

‘సెల్ఫ్’ పరిస్థితి మరింత విచిత్రమైనది. మెకానిక్కుల వ్యవహారంలో ‘సెల్ఫ్’ అంటే బండిని స్టార్టు చేసే మోటారు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ‘సెల్ఫ్ డ్రైవ్ కార్లు’ అన్న బోర్డుకు అర్థం డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కార్లని. అద్దెకు తీసుకున్నవాడే నడుపుకోవాలి. ‘సెల్ఫ్ డ్రైవింగ్ కారు’ అంటే మాత్రం మనిషి నడపనక్కరలేని కారు. ‘సెల్ఫ్ డ్రైవ్’లో ‘సెల్ఫ్’ మనిషిని సూచిస్తే, ‘సెల్ఫ్ డ్రైవింగ్’లో యంత్రాన్ని సూచిస్తుంది. ప్రత్యయమాత్ర భేదంతో కర్త తారుమారవుతున్నాడు. ఆంగ్లంలో ఆ ప్రత్యయం మోసే బరువు తెలుగు వ్యవహర్తకు అందుతుందని ఆశించలేము.

తెలుగులోకి అనువదిస్తే సందిగ్ధత తొలగిపోతుందా? తొలగదు. ‘స్వయంగా నడిపాడు’ అన్న వాక్యంలో స్వయం శబ్దం మనిషి కర్తృత్వాన్ని దృఢపరుస్తుంది. ‘స్వయంచాలిత వాహనం’లో అదే శబ్దం మనిషిని తప్పిస్తుంది. పైగా రెండవ స్థాయికి మించని కారునూ, ప్రయోగదశలోని చోదకరహిత వాహనాన్నీ ఈ ఒక్క మాటతోనే వ్యవహరించడం వార్తారచనలో కనిపిస్తుంది. కనుక లోపం అరువు పదానిదో, సంస్కృత సమాసానిదో కాదు. కర్తను చెప్పకుండా వదిలేసిన పదనిర్మాణానిది. పారిభాషిక చర్చలో చిరకాలంగా సాగుతున్న దేశి, అన్యదేశ్య వివాదం ఈ అంశాన్ని పట్టించుకోలేదు.

5. క్రియ ఎవరిది? – వార్తాభాష:

తెలుగులో ‘నడుచు’ అకర్మక క్రియ. ‘నడుపు’ సకర్మక క్రియ. ‘కారు నడుస్తోంది’ అన్నపుడు నడిపేవాడు వాక్యం బయట ఉంటాడు. ‘కారును నడుపుతున్నాడు’ అన్నపుడు వాక్యం లోపలికి వస్తాడు. అలాగే ‘బ్రేకు వేశాడు’, ‘బ్రేకు పడింది’ అన్న జంట. అత్యవసర బ్రేకు వ్యవస్థను వర్ణించేటపుడు ‘బ్రేకు దానంతట అదే పడుతుంది, కారు ఆగిపోతుంది’ అనడం పరిపాటి. ఈ వాక్యంలో రెండు దోషాలున్నాయి. ఆ వ్యవస్థ అన్ని వేగాలలో, అన్ని పరిస్థితులలో కారును పూర్తిగా ఆపలేదు. చాలా సందర్భాలలో అది తగ్గించేది తాకిడి వేగాన్ని. రెండవది, బ్రేకు వేయవలసిన కర్త వాక్యం నుంచి తప్పుకొన్నాడు. ‘చోదకుడు వేయనపుడు బ్రేకు వేసి తాకిడిని తప్పించడానికో, తగ్గించడానికో ప్రయత్నిస్తుంది’ అన్నది నిజానికి దగ్గరగా ఉండే వాక్యం. పొడవు పెరిగినా బాధ్యత చోటు తప్పదు.

ప్రమాద వార్తల భాష ఈ ధోరణికి ముందే దారి వేసింది. ‘కారు అదుపుతప్పి చెట్టును ఢీకొంది’, ‘బస్సు బోల్తా పడింది’ వంటి పదబంధాలు పాఠకులకు చిరపరిచితాలు. వీటిలో వాహనమే కర్త. అతివేగం, నిద్రమత్తు, గుంత, వెలుగు లేని మలుపు, చిల్లిపడిన రక్షణగోడ వీటన్నిటినీ ‘అదుపుతప్పి’ అన్న ఒక్క క్త్వార్థకం కప్పివేస్తుంది. దర్యాప్తు పూర్తికాకముందే విలేకరి ఎవరినీ తప్పుపట్టలేడు కనుక ఈ ప్రయోగానికి వృత్తిపరమైన సమర్థన ఉంది. అయితే యంత్రం నిజంగానే కొంత కర్తృత్వం పొందుతున్న కాలంలో ఈ పాత పదబంధం ప్రమాదకరంగా మారుతుంది. అలంకారంగా ‘కారు చేసింది’ అనే భాషకూ, వాస్తవంగా కారు చేసినదాన్ని చెప్పే భాషకూ తేడా మిగలదు.

ఎయిర్‌బ్యాగ్ విషయంలో ఇటువంటి నష్టమే ఇప్పటికే జరిగింది. స్టీరింగు మీద ఉండే ‘ఎస్ఆర్ఎస్’ అన్న మూడక్షరాలకు అనుబంధ నిరోధక వ్యవస్థ అని అర్థం. సీటు బెల్టుకు అది అనుబంధమని ఆ పేరే చెబుతోంది. తెలుగులో ఆ విస్తరణ ప్రచారంలోకి రాలేదు. బెల్టు లేకుండా ముందుకు దూసుకువచ్చే మనిషికి వేగంగా విచ్చుకునే ఎయిర్‌బ్యాగే గాయం చేయగలదన్న విషయం పేరులోంచి జారిపోయింది. బెల్టు హెచ్చరిక మోతను ఆపడానికి ఉత్తుత్తి కొక్కేలు బజారులో దొరకడం, 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటి అమ్మకాన్ని నిలిపివేయాలని ఐదు ఈ-కామర్స్ సంస్థలను ఆదేశించవలసి రావడం ఇందుకు కొనసాగింపే. హెచ్చరిక ‘మోత’గా వినిపించినంతకాలం దానిని ఆపడమే తెలివి అనిపిస్తుంది.

6. సారథ్య భావన – మూడు నమూనాలు:

యంత్రానికీ మనిషికీ మధ్య పని పంపకాన్ని చెప్పడానికి తెలుగు అనుభవంలోనే మూడు నమూనాలున్నాయి.

మొదటిది ఎద్దుల బండి. బండికి వాడే ‘తోలు’ అన్న క్రియ ఇప్పటికీ పల్లెవ్యవహారంలో కార్లకూ వర్తిస్తోంది. సంత నుంచి తిరిగివచ్చే రాత్రి బండివాడు కునుకు తీసినా ఎద్దులు ఇంటికి చేర్చడం గ్రామీణ జీవితంలో తెలిసిన సంగతే. ఆ నమ్మకానికి ఆధారం ఎద్దుల ప్రాణభీతి. గుంత ఎదురైతే అవి నిలుస్తాయి. కారుకు ఆ గుణం లేదు. రంగు వెలిసిన వరుస గీతలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, రాంగ్ రూటులో ఎదురొచ్చే బైకు వంటి వాటిని దాని కెమెరా ఎలా గ్రహిస్తుందో చోదకుడు ముందుగా చెప్పలేడు. ‘బండి దానంతట అదే పోతుంది’ అన్న మాటలో ఎద్దుల బండి నాటి భరోసా తెలియకుండానే ఎక్కికూర్చుంటోంది.

రెండవది లారీ క్లీనరు. ఎడమ వైపు చూసేవాడు అతడే. వెనక్కి తీసేటపుడు కిందికి దిగి, లారీ పక్కను తడుతూ ‘రానీ, రానీ’ అని, అవసరమైనచోట ‘ఆగు’ అని అరిచేవాడు అతడే. ఆధునిక కారులోని పార్కింగు సెన్సారు, మరుగుచోటు హెచ్చరిక చేస్తున్నది ఈ పనినే. క్లీనరు ఎంత నేర్పరి అయినా లారీ నడిపినది క్లీనరని ఎవరూ అనలేదు. హెచ్చరించేవాడికీ నడిపేవాడికీ వేరు పేర్లు ఉండడం వల్ల ఆ స్పష్టత సాధ్యమైంది.

మూడవది విరాటపర్వంలోని ఉత్తర గోగ్రహణ ఘట్టం. బృహన్నల సారథిగా, ఉత్తరుడు రథికుడుగా బయలుదేరతారు. కౌరవ సేనను చూసి ఉత్తరుడు పారిపోబోగా అర్జునుడు అతనిని పట్టి, జమ్మిచెట్టు దగ్గరకు తీసుకువెళతాడు. అక్కడ పాత్రలు మారతాయి. ఉత్తరుడు సారథి అవుతాడు. చోదన ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారే ఘట్టంగా దీనిని చదివినపుడు కథాక్రమంలోని ఒక అంశం ప్రత్యేకంగా కనిపిస్తుంది. మార్పిడికి ముందు రథం ఆగింది. ఎదుటి వ్యక్తి ఎవరో ఉత్తరుడు అడిగి తెలుసుకున్నాడు. అర్జునుడు తన పది పేర్లను, వాటి కారణాలను చెప్పాడు. ఆ తరువాతనే పగ్గాలు చేతులు మారాయి. ఎవరు ఎవరో, ఎవరి సామర్థ్యం ఎంతో తెలియకుండా బాధ్యత మారలేదు. మూడవ స్థాయి వాహనాలలో అత్యంత క్లిష్టమైనదిగా గుర్తించబడిన సమస్య సరిగ్గా ఈ అప్పగింతే. అక్కడ రథం ఆగదు. పరిచయానికి వ్యవధి ఉండదు. కనుక పరిచయమంతా ముందుగానే, పేరులోనే జరిగి ఉండాలి.

కేంద్ర ప్రభుత్వం డ్రైవింగు లైసెన్సుల వ్యవస్థకు ‘సారథి’ అనీ, వాహన నమోదు వ్యవస్థకు ‘వాహన్’ అనీ పేర్లు పెట్టింది. మనిషినీ బండినీ రెండు పేర్లతో వేరుచేసిన ఈ విభజన ప్రస్తుత చర్చకు ఉపకరిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, మరొక వాహనం లాగుతున్న బండిలో కూర్చుని స్టీరింగు పట్టినవాడిని కూడా డ్రైవరుగానే పరిగణించింది. చలనశక్తి అతనిది కాకపోయినా దిశ మీద అదుపు అతనిదేనన్నది అందులోని తర్కం. సహాయక వ్యవస్థలున్న కారుకు తెలుగు పేర్లు పెట్టేటపుడు ఇదే తర్కాన్ని అనుసరించవచ్చు.

7. పదకల్పనకు ప్రతిపాదనలు:

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది ప్రమాణాలను సూచించవచ్చు.

1. పేరులో పని స్వభావం తెలియాలి. చెప్పేదానికి ‘హెచ్చరిక’, క్షణకాలం చేయి వేసేదానికి ‘జోక్యం’, కొనసాగుతూ తోడ్పడేదానికి ‘సహాయం’ అన్న ఉత్తరపదాలను నియతంగా వాడాలి. ఉదాహరణకు వరుస దాటు హెచ్చరిక, మరుగుచోటు హెచ్చరిక, అత్యవసర బ్రేకు జోక్యం, ఎడం పాటించే వేగ సహాయం.

2. రెండవ స్థాయి వరకు ఉన్న ఏ వ్యవస్థకూ స్వయం, ఆటో, సెల్ఫ్ అన్న పూర్వపదాలు చేర్చరాదు. ‘చోదక పర్యవేక్షిత సహాయం’ అన్న మాట దీర్ఘమైనా కర్తను ముందు నిలుపుతుంది. ‘చోదకరహిత’ అన్న మాటను నాల్గవ స్థాయి, ఆపై వాహనాలకు మాత్రమే పరిమితం చేయాలి.

3. సంస్థ పెట్టిన వ్యాపారనామం ఏదైనా, వార్తలోనూ పాఠ్యగ్రంథంలోనూ పనిని చెప్పే ఒకే పేరు వాడాలి.

4. బ్రేకు, స్టీరింగు, రాడార్, ఎయిర్‌బ్యాగ్ వంటి స్థిరపడిన మాటలను మార్చనవసరం లేదు. ‘నాలుగు వరుసల రహదారి’ అన్న ప్రయోగం పత్రికల ద్వారా స్థిరపడినందున ‘లేన్’కు ‘వరుస’ సహజంగా సరిపోతుంది.

5. వర్ణనలో క్రియకు కర్త, పరిమితి రెండూ ఉండాలి. ‘ఆపుతుంది’ అనడానికి బదులు ‘ఆపడానికి ప్రయత్నిస్తుంది’ అనడం నిజానికి న్యాయం చేస్తుంది.

ఈ ప్రతిపాదనలకు ఒక ఆక్షేపణ రావచ్చు. పేర్లు పొడవైతే జనం వాడరు, చివరకు ‘అడాస్’ అనే అంటారు. ఈ ఆక్షేపణలో సత్యం ఉంది. అయితే పొట్టిపేరు జనవ్యవహారంలో నిలవడం, దాని విస్తరణ బోధనలో స్పష్టంగా ఉండడం పరస్పర విరుద్ధాలు కావు. డ్రైవింగు శిక్షణ పాఠాలు, లైసెన్సు పరీక్ష ప్రశ్నలు, వార్తాపత్రికల వాహన పుటలు ఈ మూడింటిలో ఒకే పదజాలం అమలైతే పొట్టిపేరు వెనుక సరైన అర్థం నిలబడుతుంది.

8. ముగింపు:

చోదక సహాయక వ్యవస్థలు ప్రాణరక్షణకు ఉపకరించేవే. వాటిని తిరస్కరించడం ఈ విమర్శ లక్ష్యం కాదు. సహాయాన్ని చోదనగా భ్రమింపజేసే భాష, ఆ వ్యవస్థల ప్రయోజనాన్నే దెబ్బతీస్తుందని ఈ పరిశీలన తెలుపుతోంది. తెలుగులో ఈ భ్రాంతికి మూలం అరువు పదాలలోనో, అనువాదాలలోనో విడిగా లేదు. కర్తను విడిచిపెట్టే పదనిర్మాణంలో, వాహనాన్ని కర్తగా నిలిపే వార్తాభాషలో ఉంది. నడుచు, నడుపు అన్న భేదాన్ని వ్యాకరణంలోనే నిలుపుకొన్న భాషకు, క్లీనరునూ డ్రైవరునూ ఎన్నడూ పొరబడని సమాజానికి ఈ లోపాన్ని సరిదిద్దుకోవడం కష్టం కాదు. పారిభాషిక పదకల్పనలో అర్థస్పష్టత, ఉచ్చారణ సౌలభ్యాలతోపాటు కర్తృత్వ స్పష్టతను కూడా ఒక ప్రమాణంగా స్వీకరించవలసిన అవసరం ఉంది. ఆంగ్ల కరదీపికను ఎన్నడూ తెరవని డ్రైవరుకు ఆ స్పష్టత తెలుగు మాటలోనే అందాలి.